మోన్సిన్యోర్ గారి నడికట్టు

రఘుపతికి అంచు లేని బట్ట అంటే పడదు. చాదస్తం అనుకునేరు, నేత ఇళ్లలో పుట్టినవాళ్లను ఎవరినైనా అడిగి చూడండి. చీరకైనా, ధోతికైనా, ఆఖరికి భుజం మీద వేసుకునే తువ్వాలుకైనా ఇంత సన్నని గీతన్నా అంచు ఉండాలంటారు. అంచు లేని కోరాగుడ్డ కప్పేది ఒక్కరికే. ఆ కప్పించుకున్నవాడు లేచి బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు.

మరి సూరత్‌లో పవర్‌లూమ్ మీద అతను పొద్దంతా దించే తానులకు అంచెక్కడిది అని మీరు అడగొచ్చు. అది సేఠ్ గుడ్డ. పల్సానా మిల్లుకు పోయి రంగేసుకుని, ముక్కలై, ముఖం తెలియని ఎవరి ఒంటి మీదికో పోతుంది. ఒక మనిషిని మనసులో పెట్టుకుని నేసే బట్ట సంగతి వేరు. అలాంటి బట్ట రఘుపతి ఈ ఊరొచ్చాక ఒక్కటే నేశాడు. ఆ ఒక్కదానితోనే ఒక మంచి మనిషి పరువు బజారున పడేశాడు.

ఆ మనిషి ఫాదర్ మాన్యుయెల్ గోహిల్. అమ్రోలీ పక్కన ఒక చిన్న చర్చికి పెద్ద. గుజరాతీ ఆయనే, కానీ ఊరి నుంచి వలస వచ్చిన మన మగ్గాలవాళ్ల మధ్య ముప్ఫై ఏళ్లు తిరిగి తిరిగి తెలుగు పట్టేశాడు. అది కూడా పుస్తకాల తెలుగు కాదు, కార్ఖానా గేటు ముందు చాయ్ తాగుతూ నేర్చుకున్న కరీంనగర్ తెలుగు. ‘ఏందిరా భాయ్, గిట్లెందుకైంది’ అని ఆయన అంటుంటే కొత్తగా ఊరి నుంచి వచ్చినవాళ్లు నోరు తెరిచి చూసేవాళ్లు. కోసాడ్ కాలనీలో మనవాళ్లలో క్రైస్తవులు లేరు. అయినా పిల్లకు చదువు రాకపోయినా, వేలు మగ్గంలో పడినా, మొగుడూ పెళ్లాం కొట్టుకున్నా ముందు పోయేది ఆయన దగ్గరికే. రఘుపతి కూతురు సంగీతకు అక్షరాలు వచ్చింది ఆయన చర్చి వరండాలో నడిచే సాయంత్రం బడిలోనే.

లాక్‌డౌన్‌లో రఘుపతి తండ్రి బుచ్చిరాములు పోయాడు. రోగంతో కాదు, వయసుతో పోయాడు. కానీ ఆ రోజుల్లో ఎవరు ఎలా పోయినా ఒకటే భయం. కాలనీలో తలుపులన్నీ మూసుకున్నాయి. పాడె మోయడానికి రఘుపతి ఉన్నాడు, పక్క బ్లాకు దశరథం ఉన్నాడు, దశరథం తమ్ముడు వచ్చాడు. నాలుగో భుజం దొరకలేదు. దుకాణాలు బంద్, కప్పడానికి గుడ్డ కూడా దొరకలేదు. జీవితమంతా బట్ట నేసినవాడు పాత దుప్పటిలో పోతున్నాడని తల్లి లింగవ్వ గుండెలు బాదుకుంటుంటే, ఫాదర్ మాన్యుయెల్ చంకలో ఒక తెల్లగుడ్డ పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. కొత్త అంగీ కుట్టించుకుందామని దాచుకున్న గుడ్డ అది. దాన్ని బుచ్చిరాములు మీద తన చేతులతోనే కప్పి, పాడె నాలుగో కొమ్ము భుజానికెత్తుకున్నాడు. తాపీ నది ఒడ్డున మంట లేచేదాకా అక్కడే నిలబడ్డాడు.

అప్పటి నుంచి అంచు లేని గుడ్డ ఎక్కడ కనబడినా రఘుపతికి ఆ తెల్లదనం కింద తండ్రి ముక్కు ఎత్తుగా కనిపిస్తుంది.

ఇన్నేళ్లకు, ఫాదర్‌కు డెబ్బై నిండాక, ఆయనకేదో పెద్ద బిరుదు వచ్చిందన్న వార్త కాలనీకి చేరింది. మోన్సిన్యోర్ అట. ఆ మాట నోరు తిరగక తంటాలు పడుతూనే మనవాళ్లంతా ఒక దండ పట్టుకుని చర్చి వరండాకు వెళ్లారు.

“జీతం పెరుగుతదా ఫాదర్?” అన్నాడు దశరథం. అతనికి ప్రతిదీ అక్కడి నుంచే మొదలవుతుంది.

“ఒక్క పైసా పెరగది.”

“మరి ట్రాన్స్‌ఫరా? మమ్ముల ఇడిసిపెట్టి పోతరా?”

“ఏడికీ పోను. గిదే చర్చి, గిదే కుర్చీ, గిదే మోకాలి నొప్పి.”

“గట్లయితే ఇంక పెరిగిందేంది?”

“పేరు ముందట ఒక మాట పెరిగింది. గంతే,” అని నవ్వాడు ఫాదర్. తర్వాత వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాడు. అది ఇటలీవాళ్ల మాట. నా ప్రభువు అని దానికి అర్థం. బిషప్ గారు అడిగితే రోమ్ నుంచి పోప్ గారు ఇస్తారు. ఈమధ్య నుంచి మామూలు ఫాదర్లకు అరవై అయిదు దాటితే తప్ప ఇవ్వడం లేదు. దానితో కొత్త పనీ రాదు, అధికారమూ రాదు. “ఇన్నేండ్లు చేసినవ్ కదా బాబూ అని భుజం తట్టుడు, అంతకన్న ఏం లేదు. ఎవరన్న నన్ను నా ప్రభువా అంటే, ప్రభువు ఏడ వచ్చిండా అని నేనే ఎనకకు తిరిగి చూస్త.”

అందరూ నవ్వారు. లింగవ్వ మాత్రం నవ్వలేదు. “మా ముసలాయన పాడె మోసిన సంగతి గంత దూరం తెలిసిందా కొడుకా!” అని కళ్లొత్తుకుంది. తెలియలేదు అవ్వా అని చెప్పడానికి ఫాదర్‌కు నోరు రాలేదు.

బిరుదుతోపాటు వేషంలో కూడా కొంచెం మార్పు ఉంటుందట. తెల్ల అంగీకి ఊదా రంగు గోటు, నడుముకు ఊదా రంగు పట్టీ. గోటు దర్జీ కుడతాడు. పట్టీ కోసం ఫాదర్ ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాడు. ఇలాంటి బిరుదే ఉన్న ముసలి ఫాదర్ ఒకాయన కిందటేడు కాలం చేశాడు. ఆయన పట్టీ పెట్టెలో పడి ఉంది, అడిగి తెచ్చుకుంటే సరి.

రఘుపతికి ఒళ్లు జలదరించింది. “సచ్చినాయన బట్ట మీరు కట్టుకునుడేంది ఫాదర్? మేమంత సచ్చినమా? నేను నేస్త.”

వద్దంటే వినలేదు. చివరికి ఫాదర్ ఫోన్‌లో ఒక ఫోటో తీసి చూపించాడు. జానెడు వెడల్పున, ఊదా రంగులో, నున్నగా ఉన్న పట్టీ. “జర మంచిగ విను రఘుపతిభాయ్. దీనికి అంచు వద్దు. జరి అసలే వద్దు. గింత సాదాగ ఉండాలె. జరి పెడితే అది నాది కాదు, ఇంకెవరి మర్యాదనో నేను ఎత్తుకొచ్చినట్టయితది. సమజైందా?”

“సమజైంది,” అని తల ఊపాడు రఘుపతి. తల ఊపడానికి ఏం పోయింది?

సేఠ్‌ను బతిమాలి, కార్ఖానా మూలన దుమ్ముపట్టి ఉన్న చిన్న సాంపిల్ మగ్గం వాడుకోవడానికి ఒప్పించాడు. పల్సానాలో రంగుల మిల్లులో పనిచేసే తెలిసినవాడి చేత పట్టు నూలు వంకాయ రంగులో అద్దించి తెచ్చాడు. షిఫ్టు దిగాక పడుగు సర్దడానికి కూర్చున్నాడు. చెప్పినట్టే సాదాగా సర్దాడు కూడా. ఆ పడుగు వైపు చూసేసరికి ఎందుకో చేతులు ఆడలేదు. రంగు ఊదానే, తెలుపు కాదు. అయినా అటూ ఇటూ గీత లేకుండా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ఉన్న ఆ గుడ్డ ఫాదర్ నడుము చుట్టూ కాదు, ఫాదర్ మీద కప్పినట్టు కనిపించింది. తండ్రికి కప్పిన చేతులకు తాను అదే తిరిగి ఇస్తున్నట్టు అనిపించింది.

రెండు పోగులు కలుపుదాం, దిష్టికి, అనుకున్నాడు. జరి నేసే సూరత్‌లో జరికి కరువా? పడుగుకు రెండు పక్కలా రెండేసి జరి పోగులు కలిపాడు. అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. రెండు నాలుగయ్యాయి. ఏళ్ల తరబడి సేఠ్ గుడ్డ తప్ప నేయని చేతులకు చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న రుద్రాక్ష అంచు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక చేతులు మనిషి మాట వింటాయా? పట్టీ మగ్గం దిగేసరికి రెండు వైపులా వేలెడు వెడల్పు బంగారు అంచు ధగధగలాడుతోంది.

దశరథం చూసి నోరెళ్లబెట్టాడు. “మస్తుగున్నదే అన్నా! గని ఫాదర్ సాదా అన్నడు కదనే?”

“పెద్దమనుషులు గట్లనే అంటరు. ఇచ్చినంక కాదంటరా?”

ఇది ప్రేమ అని రఘుపతి తనకు తాను చెప్పుకున్నాడు. ప్రేమే, అబద్ధం కాదు. కానీ ఆ ప్రేమలో, పదిమందిలో ఆ పట్టీ మెరుస్తుంటే నేసింది ఎవరని జనం అడగాలన్న ఆశ కూడా ఒక పోగు కలిసి ఉంది. ముందే చూపిస్తే ఫాదర్ వద్దంటాడని తెలిసే, చర్చివాళ్లు ఆదివారం పెట్టుకున్న సన్మానం దాకా దాన్ని ఇంట్లో దాచాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆ ఆదివారం పూజ అయిపోయింది. పూజలో పై వస్త్రాలు ఉంటాయి కాబట్టి పట్టీ పనిలేదు. అవి విప్పి, ఊదా గోటు కుట్టిన తెల్ల అంగీతో సన్మానానికి బయటికి రావాలి. అప్పుడు రఘుపతి చర్చి వెనక గదిలోకి వెళ్లి కాగితం పొట్లం చేతికిచ్చాడు. ఫాదర్ విప్పాడు. ఆయన వేళ్లు జరి మీద ఆగిపోయాయి.

“మంచిగ లేదా ఫాదర్?” అన్నాడు రఘుపతి.

“మంచిగున్నది,” అన్నాడు ఫాదర్ మెల్లగా. “చాలా మంచిగున్నది.”

బయట మైకులో పేరు పిలుస్తున్నారు. ఆయన నడుముకు చుట్టుకుని, గోడకున్న చిన్న అద్దంలో ఒకసారి చూసుకుని, బయటికి నడిచాడు.

ఎండలో అది మెరిసిన మెరుపు చూసి రఘుపతి ఛాతీ ఇంతెత్తు అయింది. అదంతా భోజనాల దాకానే. వచ్చిన అతిథి ఫాదర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన నవ్వుతూ, “మాన్యుయెల్, పోప్ గారి కుర్చీ ఇంకా ఖాళీ కాలేదనుకుంటానే” అన్నాడు. అది హిందీలో అన్న మాట, రఘుపతికి అర్థమైంది. పప్పు బకెట్ పట్టుకుని వడ్డిస్తున్నవాడల్లా చేయి ఆపాడు.

అప్పుడు వచ్చాడు క్లెమెంట్‌భాయ్. అడాజన్ ఫ్లాట్లలో ఉంటాడు, చర్చి కమిటీకి పెద్ద. చెడ్డవాడు కాదు, పద్ధతి మనిషి. బలిపీఠం మీద పువ్వు వంకరగా ఉన్నా సర్ది గానీ కూర్చోడు. నిరుడు చర్చికి కొత్త గంట కొందామని కమిటీ అంటే, గంటకు ఇంత సోకెందుకు, ముందు బడి పిల్లలకు ఫ్యాన్లు పెట్టండి అని ఫాదర్ కోప్పడ్డ సంగతి ఆయన ఇంకా మరిచిపోలేదు.

“ఫాదర్, యే సోనా కిస్‌నే లగాయా?” అని అడిగాడు. ఈ బంగారం ఎవరు పెట్టారని మెల్లగానే అడిగాడు గానీ చుట్టూ పంక్తులు నిశ్శబ్దమయ్యాయి. “కహాఁ సే బన్‌వాయా?”

ఫాదర్ కళ్లు పంక్తి దాటి వచ్చి రఘుపతి మీద వాలాయి. గద్దించే చూపు కాదది. చెబుతావేమోనని కొంచెంసేపు ఎదురుచూసిన చూపు. నేనే అన్న రెండక్షరాల మాట రఘుపతి నాలుక చివరి దాకా వచ్చింది. వద్దన్నా వినలేదని తెలిస్తే ఇంతమందిలో ఏమనుకుంటారోనని అది అక్కడే ఆగింది. తేలు కుట్టిన దొంగలా బకెట్‌లోకి తల వంచి, ఎవరూ అడగకుండానే ఒక విస్తట్లో గరిటెడు పప్పు వేశాడు.

“మైనే బన్‌వాయా,” అన్నాడు ఫాదర్. నేనే చేయించుకున్నాను.

అంతే. ఆ మాటతో రఘుపతి బయటపడ్డాడు. ఆ మాటే గొంతులో ముల్లై కూర్చుంది.

మరునాటికి ఫోటో ఫోన్లలోకి ఎక్కింది. ఎవరో కింద ఒక ముక్క కూడా రాశారు: ఉపదేశ్ సాదా, కమర్ పే సోనా. మాటల్లో నిరాడంబరం, నడుముకు బంగారం. ఇంకేం, చేతికి దొరికినవాడల్లా పంపించాడు. చర్చివాళ్లు పంపారు, చర్చి కానివాళ్లూ పంపారు. చివరికి కార్ఖానాలో ఎప్పుడూ ఫాదర్ మొహం చూడని బిహారీ కుర్రవాళ్లు కూడా చూసి నవ్వారు. బిరుదు రాగానే ముసలాయనకు కళ్లు నెత్తికెక్కాయన్నారు. బిషప్ గారి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందని, సంజాయిషీ అడిగారని చెప్పుకున్నారు.

ఫాదర్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంగీకి కుట్టిన ఊదా గోటు విప్పించేశాడు. చర్చి బోర్డు మీద పేరు ముందు పెయింటర్ కొత్తగా రాసిన మాటను సున్నంతో తుడిపించాడు. మోన్సిన్యోర్ అన్నవాళ్లతో, ఫాదర్ అనండి చాలు అన్నాడు. ఆయన సిగ్గుతో చేసిన పని జనానికి శిక్షలా కనిపించింది. బిరుదు లాక్కున్నారట అని తీర్పు చెప్పేశారు.

సంగీత ఫోన్ పట్టుకుని వచ్చింది. కాలేజీ చదువుతున్న పిల్ల, తెలుగులో మొదలుపెడితే హిందీలో తేలుతుంది. “పప్పా, యే తో ఆప్ నే బనాయా నా? నువ్వే నేసినవ్ కదా? మరి ఫాదర్ తానే చేయించుకున్న అన్నడట, క్యూఁ?”

“నీకెందుకు? చదువుకో పో.”

“గ్రూప్‌ల నేను రాస్త. మా పప్పా బనాయా అని.”

“రాసినవంటే కాళ్లు ఇరగ్గొడుత!” అని అరిచాడు రఘుపతి. పిల్ల మీద ఎప్పుడూ చేయెత్తని మనిషి. వంటింట్లోంచి భార్య కరుణ తొంగి చూసింది. సంగీత ఫోన్ బోర్లా పెట్టి అవతలికి వెళ్లిపోయింది. తన నోరు మూసుకున్నది చాలక కూతురి నోరు కూడా మూయించానని రఘుపతికి తెలిసింది. అన్నం సయించలేదు.

అప్పటి నుంచి కార్ఖానాకు చర్చి దారి మానేసి, చుట్టు తిరిగి కాలువ గట్టు మీదుగా పోవడం మొదలుపెట్టాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మగ్గాల మధ్య ఎవరు నవ్వినా ఆ ఫోటో గురించేనేమో అనుకునేవాడు. దశరథానికి తెలుసు. దశరథం చెప్పడు. చెప్పకుండా అప్పుడప్పుడూ చూసే చూపు ఉంది చూశారూ, అది తిట్టినా బాగుండేది.

కథ ఇక్కడే చల్లారిపోయేదేమో. కానీ లింగవ్వ ఒక శనివారం సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీ పలుకులు, నువ్వులు వేసి, మందపాటి గిన్నెకు తట్టి ఎర్రగా కాల్చిన సర్వపిండి అంటే ఫాదర్‌కు ప్రాణం.

“ఫాదర్‌కు ఇచ్చిరా,” అని డబ్బా కొడుకు చేతిలో పెట్టింది.

“సంగీత పోతది.”

“నేను పోను,” అంది సంగీత గోడకేసి చూస్తూ. “ఆయన నన్ను ఏమన్న అడిగితే నాకు ఝూట్ చెప్పరాదు.”

లింగవ్వకు విషయం తెలియదు. కానీ ముసలివాళ్లకు తెలియాల్సింది తెలుస్తూనే ఉంటుంది. “ఏందిరా నీ కత? నీ అయ్య పాడె మోసిన మనిషి గడప తొక్కవా?” అంది.

రఘుపతి డబ్బా తీసుకుని బయలుదేరాడు.

ఫాదర్ వరండాలో కుర్చీలో కూర్చుని మోకాలికి మందు రాసుకుంటున్నాడు. లుంగీ, బనీను. మనిషి కొంచెం తగ్గినట్టున్నాడు. డబ్బా మూత తీయగానే మొహం విచ్చుకుంది. ఒక ముక్క విరుచుకుని, “లింగవ్వ చేయి,” అన్నాడు. “కూసో రఘుపతిభాయ్. కనబడుతలేవు?”

రఘుపతి కూర్చోలేదు. నేల మీద, ఆయన పాదాల దగ్గర చతికిలబడ్డాడు. ఏడవకూడదనుకున్నాడు గానీ మాటకన్నా ముందు అదే వచ్చింది. “ఆ దినం నేను చెప్పాల్సి ఉండె ఫాదర్. మీరు నా దిక్కు చూసిన్రు. నేను చూసుకుంట గూడ నోరు మూసుకున్న. మీరు వద్దన్నది చేసింది నేను, మాట పడ్డది మీరు.”

ఫాదర్ నమలడం ఆపి, డబ్బా పక్కన పెట్టాడు. “లే. కింద కూసోకు. నాది గూడ ఇను.” కొంచెంసేపు బయట ఆరేసిన బడి పిల్లల చాపల వైపు చూశాడు. “పొట్లం ఇప్పంగనే నాకు ఎరకే, అది తప్పని. పక్కకు పెట్టి ఉత్తగనే బయటికి రావొచ్చు. మైకుల పిలుస్తున్నరన్నది సాకు. నేను అద్దంల చూసుకున్న. డెబ్బై ఏండ్లల్ల నా కోసమని ఒకరు కూసొని నేసిన బట్ట అదొక్కటే. సంతోషమైంది. సంతోషం ఎనకనే ఇంకోటి గూడ అయింది. నేను గూడ జర పెద్దోన్నే అనిపించింది. ఇన్నేండ్లు ఏది వద్దని జనానికి చెప్పిన్నో, గదే. అందుకే క్లెమెంట్ అడిగితే నేనే అన్న. అబద్ధమాడలే.”

“మీది మీరు చెప్పిన్రు. మరి నాది?”

“నీది నీ తానే ఉన్నది. అది నేను మొయ్యలేను. మోస్తనని ఆ దినం ఎత్తుకున్న. నీ మొఖం చూస్తే తెలుస్తున్నది, నేను మోసినకొద్ది నీకే బరువైతున్నదని.” ఆయన ముందుకు వంగాడు. “ఒక్కటి చెప్పు. అంత గట్టిగ చెప్పినంక గూడ అంచు ఎందుకు పెట్టినవ్?”

రఘుపతి చెప్పాడు. అంచు లేని బట్ట ఎవరికి కప్పుతారో చెప్పాడు. ఆ రోజు తండ్రి మీద కప్పిన తెల్లగుడ్డ గురించి చెప్పాడు. సాదా పడుగు సర్ది, దాని కింద ఎవరిని చూశాడో చెప్పాడు. “మీరు పోయినట్టు కనబడ్డరు ఫాదర్. నా చేతులకు రాలే.” ఆ తర్వాత, నిజం చెప్పడానికి వచ్చినవాడు సగం చెప్పి ఊరుకోకూడదని, “పదిమంది చూసి నన్ను మెచ్చుకోవాలని గూడ ఉండె,” అన్నాడు.

తన కొత్త అంగీ గుడ్డ ఎటు పోయిందో ఫాదర్‌కు గుర్తుంది. దానికి అంచు లేదని మాత్రం ఇప్పుడే తెలిసింది.

లోపలికి వెళ్లి ఆ పట్టీ తెచ్చాడు. చక్కగా మడిచి ఉంది. దాన్ని రఘుపతి ఒళ్లో పెట్టాడు. “ఇది నీ తాన దాచిపెట్టు. నాకు ఇంకోటి నెయ్యి, సాదాది. వాళ్లు ప్రేమతోని ఇచ్చిన పేరు, నేను మూలకు పడేసుడు గూడ ఒక రకం గర్వమే అని బిషప్ గారు అన్నరు. కడత. బతికున్నంత కాలం సాదాది కడత. నేను పోయిన్నాడు నువ్వు వచ్చి, ఈ అంచుది నా మీద కప్పు. అప్పుడు క్లెమెంట్‌భాయ్ గూడ ఏమనడు.”

“ఫాదర్!” అన్నాడు రఘుపతి. “బతికున్న మనిషికి అంచు లేంది, సచ్చినంక అంచుదా? గది మా తాన ఉల్టా కదా. నాకు శిక్ష ఏస్తున్నరా?”

“శిక్ష కాదు, ఆర్డర్. ఈసారన్న చెప్పినట్టు నెయ్.”

నేశాడు. అదే మగ్గం, అదే మిగిలిన వంకాయ రంగు నూలు. జరి కండె ఇంట్లోనే వదిలిపెట్టి వెళ్లాడు. పక్కలు నున్నగా, గీత లేకుండా దిగుతున్న గుడ్డను చూడలేక చూస్తూ, ఒక్కో పోగూ వేశాడు. వేరే ఎవరికైనా అది జానెడు గుడ్డ. రఘుపతికి తండ్రి చావు మళ్లీ మొదటి నుంచి జరిగినట్టయింది.

తర్వాతి ఆదివారం పూజ చివర, ప్రకటనలు చదివేవేళ, సంగీతను పక్కన పెట్టుకుని చర్చిలో లేచి నిలబడ్డాడు. హిందీలో మొదలుపెట్టాడు. మధ్యలో హిందీ అయిపోతే తెలుగులో చెప్పాడు, సంగీత గుజరాతీలోకి మార్చింది. బంగారు అంచు నేసింది తనేనని, ఫాదర్ వద్దని గట్టిగా చెప్పినా వినలేదని, అడిగినప్పుడు పక్కనే ఉండి నోరు విప్పలేదని చెప్పాడు. మా పప్పా అని చెప్పేచోట సంగీత గొంతు ఒక్కసారి తడబడి, సర్దుకుంది.

తిడతారనుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. క్లెమెంట్‌భాయ్ లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన కళ్లలో కూడా నీళ్లున్నాయి. “ఉస్ దిన్ బోల్ దేతే, భాయ్,” అన్నాడు. ఆ రోజే చెప్పేయాల్సింది కదా.

ఆయన ఓదార్పుగానే అన్నాడు. చెంప మీద కొట్టినా రఘుపతికి అంత తగిలేది కాదు. చాలామంది తమ ఫోన్లలోంచి ఫోటో తీసేశారు. కానీ అది అప్పటికే ఏ ఊళ్లు తిరిగిందో, ఎన్ని ఇళ్లలో ఆ ముసలాయన నడుము చూసి నవ్వుకున్నారో ఎవరికి తెలుసు? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది తన పని.

అందరూ బయటికి వచ్చాక ఫాదర్ వచ్చాడు. తెల్ల అంగీకి మళ్లీ ఊదా గోటు, నడుముకు సాదా ఊదా పట్టీ. జనం చప్పట్లు కొట్టారు. ఈసారి ఎవరి కళ్లకూ అది అడ్డం పడలేదు. ఆయన మెల్లగా కుంటుతూ నేరుగా రఘుపతి దగ్గరికి వచ్చి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

“మంచిగున్నదా?”

రఘుపతి చూశాడు. అటు గీత లేదు, ఇటు గీత లేదు. “మంచిగున్నది ఫాదర్,” అన్నాడు. తల దించుకుని, ఆయన పాదాల వైపు చూస్తూ అన్నాడు.

ఇంటికి వచ్చాక కరుణ ట్రంకు పెట్టె తెరిచింది. జరి పట్టీని తెల్లగుడ్డలో చుట్టబోయి, ఏదో తోచి, తన పెళ్లిచీర మడతలో పెట్టింది. పెట్టె మూస్తూ, “దీన్ని మళ్ల ఎప్పుడు తియ్యాలె?” అని అడిగింది. ఆమెకు ఆర్డర్ సంగతి ఇంకా చెప్పలేదు.

“తియ్యొద్దు,” అన్నాడు రఘుపతి గబుక్కున.

గోడ మీద నేతవాళ్ల కులదైవం మార్కండేయుడి పటం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి ఫాదర్ మాట విననందుకు ఏమైందో గుర్తొచ్చింది.

“ఆ దినం వస్తే, నేనే తీస్త,” అన్నాడు.